రాని గచ్చకాయల లెక్క

ఆ ఏడు వాగు ఎండిపోయి, ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే అడవి మొత్తానికీ దిక్కయింది. దాని కాపలాకు నక్కను పెద్దగా పెట్టుకున్నారు. జంతువులే ఏరికోరి మరీ పెట్టుకున్నాయి, ఎవర్నని ఏం లాభం! పెద్దరికం చేతికొచ్చిందో లేదో, మాంసంలో వాటా పెట్టే దుమ్ములగొండ్లకు నక్క ముందుగా నీళ్లు వదలసాగింది. జింకల దాకా వచ్చేసరికి మిగిలేది బురద. మచ్చమ్మ అనే తల్లిజింక బిడ్డ ఆ బురదను నాకి నాకి, ఒక మిట్టమధ్యాహ్నం తల్లి కాళ్ల దగ్గరే ప్రాణం వదిలింది.

ఇక ఓర్చుకోలేక అందరూ నక్కను దించేద్దామన్నారు. దించాలనుకున్నవాళ్లు గుంటలో తలా ఒక గచ్చకాయ వెయ్యాలి. కుందేళ్లు, జింకలు, అడవిపందులు బారులు తీరి వేశాయి. నిండిన గుంటను చూసి మచ్చమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది.

నక్క తాపీగా వచ్చి తొంగిచూసింది.

"వేసినవాళ్లకంటే వెయ్యనివాళ్లే ఎక్కువ. వెయ్యలేదంటే నేనే ఉండాలని! మొన్న నేను పెట్టిన నిబంధన అదేగా? అప్పుడెవరూ కాదనలేదే?"

"వెయ్యనివాళ్లెవరు? అందరం వచ్చాంగా!" అంది కుందేలు.

"ఈ ఎండలకు రాలేకపోయినవాళ్లు బోలెడుమంది."

మచ్చమ్మ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. "అంటే, చచ్చిపోయినవాళ్లా?"

"బతికుండాలని నిబంధనలో లేదక్కా."

"నా బిడ్డ కూడా నీ లెక్కలో ఉందా?"

"ఉంది. గచ్చకాయ వెయ్యలేదుగా పాపం."

మచ్చమ్మ తగువులు తీర్చే ఏనుగుతాత దగ్గరికి నడిచింది. వెనకే అందరూ వెళ్లారు.

"తాతా, చెలమ తవ్విననాడు మన పెద్దలు చేసిన కట్టుబాటేమిటి?"

"నీళ్లు తాగే ప్రతి ప్రాణికీ ఒక మాట, ఒక వాటా. దాన్ని కాదని ఏ పెద్దా నిబంధన పెట్టకూడదు."

"నేనన్నదీ అదే తాతా! పోయినవాళ్ల మాట తీసెయ్యడం అన్యాయం కాదూ?" అంది నక్క. దుమ్ములగొండ్లు భేషన్నాయి.

మచ్చమ్మ ఏనుగుతాత వైపు తిరిగింది. "సరే తాతా. నా బిడ్డకు మాట ఉందంటున్నాడు. మరి దాని వాటా ఏదీ? ఇవాళ్టి నీళ్లు దాని పేరున ఇప్పించండి. పోయినవాళ్లందరికీ ఇప్పించండి."

అంతమందికి పోస్తే దుమ్ములగొండ్లకు చుక్క మిగలదు. నక్కకు ఒళ్లు మండింది. "చచ్చినదానికి నీళ్లెందుకే? వాటా తాగేవాళ్లకే!"

అనేశాక నాలుక కరుచుకుంది.

"వాటా తాగేవాళ్లకే అయితే మాట కూడా తాగేవాళ్లదే. నీ నిబంధన చెల్లదు. గుంటలో పడ్డ కాయలే లెక్క. దిగు" అన్నాడు ఏనుగుతాత.

నక్క తోక ముడుచుకుని పోయింది. సాయంత్రానికి చెలమలో తేటనీరు ఊరింది. జింకపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి. మచ్చమ్మ అన్నిటికంటే చివర వచ్చింది.

"నెగ్గావమ్మా" అన్నాడు ఏనుగుతాత.

"నెగ్గాను తాతా. నా బిడ్డ వాడివైపు లేదని తేలింది, అంతే చాలు." మూతి నీళ్లలో పెట్టింది గాని, ఏడుపు ఆగక చాలాసేపు తాగలేకపోయింది.

నోరులేనివాళ్లు తనవైపే ఉన్నారని పెద్ద చెప్పుకున్న తొలిరోజే కాదనాలి. ఆలస్యమైతే న్యాయం గెలుస్తుంది గాని పోయినవాళ్లు తిరిగిరారు.