మైనం తిప్పక్క చెయ్యి

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. గాలికి మాత్రం పేరుంది, చలిగాలి అని. ఆ గాలి ముందుగా తగిలే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో ఇళ్లన్నీ అయిపోయాక ఒక గుడిసె ఉండేది. అందులో తిప్పక్క ఉండేది. ఒక్కతే ఉండేది.

తిప్పక్క పని మైనం కాచడం. తేనె పిండుకున్నవాళ్లు పారేసిన తుట్టెలు ఏరుకొచ్చి, కరిగించి, గుడ్డలో వడకట్టి ముద్దలు చేసేది. చెప్పులు కుట్టేవాళ్లు దారానికి రాసుకోవడానికి ఆ ముద్దలు తీసుకెళ్లేవాళ్లు. తీసుకెళ్లడమంటే ఆమె చేతిలోంచి అనుకునేరు. గుడిసె ముందు ఒక బండ ఉంది. ఆమె ముద్ద ఆ బండ మీద పెట్టి లోపలికి వెళ్లిపోవాలి. వాళ్లొచ్చి ముద్ద తీసుకుని, జొన్నలు పోసి వెళ్లిపోవాలి. అప్పుడు ఆమె బయటికి రావాలి. ఆ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

ఎందుకంటే పుట్టినప్పటి నుంచి ఆమె ఒళ్లు అలాంటిది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మణికట్ల మీద చర్మం ఎండిపోయి, పొట్టు రేగి, ఎర్రగా పగిలేది. దురద మొదలైతే రక్తం వచ్చేదాకా గోక్కునేది. ఇప్పుడు డాక్టర్లు దాన్ని ఎగ్జిమా అంటున్నారు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదంటున్నారు. ఆ ఊరివాళ్లు మాత్రం గజ్జి అన్నారు. ఊరు ఒక మాట అనేశాక కాదని చెప్పేదెవరు?

ముందు మురికి అన్నారు. ఆ ఊళ్లో తలంటు ఎలాగంటే, ఒళ్లంతా నూనె పట్టించాలి, సున్నిపిండితో ఆ నూనెంతా ఊడేలా రుద్దాలి, కాగే నీళ్లు పోసుకోవాలి. తిప్పక్క అందరికంటే గట్టిగా రుద్దుకుంది. పగుళ్లు పెరిగాయి. తర్వాత ఒంట్లో వేడి అన్నారు. వేపాకు కాచి, పొగలు కక్కే నీళ్లు పోసుకుంది. పగుళ్లు పెరిగాయి. ఆఖరికి పాపం అన్నారు. మనిషే దగ్గరికి రాని చోట ఆమె పాపం ఎవరికి చేస్తుంది, చెప్పండి? అయినా తడిబట్టలతో చలిగాలిలో గుడి చుట్టూ తిరిగింది. పగుళ్లు పెరిగాయి.

ఒకనాడు స్నానం చేసి ఇంకా తుడుచుకోనైనా లేదు, లోపల చట్టి ఒరిగిన చప్పుడైంది. నువ్వుల నూనె కలిపి మెత్తగా చేసిన మైనం నేలపాలవుతోంది. పరుగెత్తుకెళ్లి తడిచేతులతోనే ఎత్తిపోసింది. మోచేతుల దాకా జిడ్డు. కడుక్కునే ఓపిక లేక అలాగే వదిలేసింది. పొద్దు వాలేటప్పుడు గానీ ఆమెకు తట్టలేదు, ఆ చేతులు ఆ రోజు గోక్కోలేదని.

వినేవాళ్లు లేకపోయినా పైకే అంది. "మనం తిరగేసి చేస్తాండాం గదా. నూనె ముందు కాదు, నీళ్లు ముందు."

అప్పటి నుంచి గోరువెచ్చని నీళ్లు పోసుకుని, రుద్దకుండా అద్దుకుని, తడి ఆరకముందే ఆ మైనం పూసుకునేది. నయమైంది. నయమైంది కదా అని మానేసింది. చలిగాలి వచ్చింది, దురదా వచ్చింది. మళ్లీ పూసింది, మళ్లీ మానేసింది, మళ్లీ వచ్చింది. మూడోసారీ అంతే. ఇది వెళ్లిపోయే చుట్టం కాదని, రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిందేనని అప్పుడు అర్థమైంది.

చేతులు నున్నబడ్డాయి. ఆశగా ఊళ్లోకి వెళ్లి చూపించింది. మొదటి ఇంటివాళ్లు "బాగయినాయే" అని తలుపేసుకున్నారు. రెండో ఇంటివాళ్లు "వచ్చే చలికి చూద్దాంలే" అన్నారు. మూడో ఇంటివాళ్లు దూరం నుంచే దండం పెట్టారు. ఆ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

ఆ చలికి కుమ్మరోళ్ల కోడలు కుళ్లాయమ్మ బిడ్డకు బుగ్గలు పగిలాయి. చంటిది నిద్రపోక ఏడుస్తోంది. ఇది తిప్పక్క గజ్జే అన్నారు ఊరివాళ్లు. ఆమె గుడిసె పీకేసి ఊరు దాటించాలన్నారు. కుళ్లాయమ్మ బిడ్డనెత్తుకుని బండ దాకా వచ్చి నిలబడింది.

"నీది నా బిడ్డకు అంటుకునిందంట. నిజమేనా?"

తిప్పక్క గడపలోంచే అడిగింది. "నీ బిడ్డను నేనెప్పుడన్నా ఎత్తుకున్న్యానా, అమ్మీ?"

"లేదు."

"నీ చేతిలోంచి ఏమన్నా తీసుకున్న్యానా?"

"లేదు. బండ మీదనే పెడతాం గదా."

"మరి ఎట్ల అంటుకునింది? ఈ ఊళ్లో నన్ను తాకినోళ్లు ఒక్కరుంటే చూపించు. వాళ్ల కాళ్లు మొక్కుతా."

ఊరంతా కలిసి తిప్పక్కను దూరం పెట్టడమే ఆమె వైపు సాక్ష్యమైంది.

"అయితే ఏం చెయ్యమంటావక్కా?"

తిప్పక్క మైనం పూత ఉన్న చట్టి తెచ్చి బండ మీద పెట్టి, వెనక్కి వెళ్లి చెప్పింది. "గోరువెచ్చని నీళ్లు పొయ్యి. సున్నిపిండి వద్దు. గుడ్డతో అద్దు, రుద్దొద్దు. తడి ఆరకముందే ఇది పూయి. తగ్గినా మానొద్దు."

"నువ్వే పూయరాదా?"

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్లు కాచుకుందో. అయినా చేతులు కొంగులో చుట్టుకుంది. "వద్దమ్మీ. రేపు ఇంకో బిడ్డకు పగిలితే, తిప్పక్క తాకింది గాబట్టే అంటారు."

బిడ్డ బుగ్గలు మెత్తబడ్డాయి, నిద్రపోయింది. కుళ్లాయమ్మ నోట ఆ సాక్ష్యం విన్న ఊరు గుడిసె జోలికి పోలేదు. చర్మం పగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బండ మీద చట్టి తీసుకెళ్లారు. "పిల్ల నడక నేర్చినాక నీ దగ్గరికి తెస్తానక్కా, చెయ్యి పట్టుకుని నడిపిద్దువు" అంది కుళ్లాయమ్మ. పిల్ల నడిచింది. పరుగెత్తింది. కుళ్లాయమ్మకు రోజూ ఏదో ఒక పని. తిప్పక్క రోజూ స్నానం చేసి, పూత పూసుకుని, గడపలో కూర్చునేది.

ఒక చలికాలం బండ మీద పోసిన జొన్నలు పోసినట్టే ఉండిపోయాయి. వెళ్లి చూస్తే తిప్పక్క లేదు, ఒళ్లు మాత్రమే ఉంది. స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్లు గడప దగ్గరే ఆగిపోయారు. కుళ్లాయమ్మ లోపలికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. ఒక్క పగులు లేదు.

"ఎంత మెత్తగుందో చూడండే" అని బావురుమంది.

అప్పుడొచ్చారు అందరూ, పట్టుకోవడానికి.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో ఒళ్లు పగిలేవాళ్లు, పిల్లలైనా పెద్దలైనా, తడి ఆరకముందే పూత పూసుకుంటారు. పూసుకున్న చెయ్యి చాపి "తిప్పక్క వచ్చింది" అంటారు. ఇంట్లో ఉన్నవాళ్లు ఎంత పనిలో ఉన్నా లేచొచ్చి పట్టుకోవాలి. జిడ్డని తుడుచుకోకూడదు. ఇంట్లో ఎవరూ లేనివాళ్లు గడపలోకి వచ్చి చాపుతారు. దారిన పోయేవాళ్లు ఆగి పట్టుకుంటారు.