రాజుగారి చెయ్యి పడనిదే

రణభూపాలుడని ఒక రాజుగారు. ఆయనకి ఒక వింత పట్టుదల. ఊళ్ళో ఏ పనైనా సరే, ముందు తన చెయ్యి పడాలి. ఆ తరవాతే మరొకళ్ళు ముట్టుకోవాలి.

పాపం, ఆ పట్టుదల ఊరికే రాలేదు లెండి. ఏటి ఒడ్డున ముళ్ళపొదలు తప్ప ఏమీ లేని చోట, నలుగురు మనుషుల్ని వెంటేసుకుని ఆయనే ఊరు కట్టారు. మొదటి రాయి ఆయనే మోశారు, మొదటి పొయ్యి ఆయనే ముట్టించారు. ఆ నలుగురూ ఇప్పుడు ఊరంత మంది అయ్యారు. రాజుగారి చేతులు మాత్రం రెండే కదా! అంత పెద్ద రాజుగారికి ఆ చిన్న సంగతి ఎలా తోచలేదో, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

పప్పులో ఉప్పు ఆయనే వెయ్యాలి. ఏనుగుకి మొదటి ముద్ద ఆయనే పెట్టాలి. చాకలి మూటలో మొదటి బట్ట ఆయనే బండకేసి బాదాలి. దాంతో మధ్యాహ్నపు పప్పు దీపాలు పెట్టే వేళకి దిగేది. ఏనుగైతే ఆకలికి ఆగలేక వంటశాల కప్పు మీది గడ్డి పీక్కు తినేసింది.

కొలువులో మార్తాండ భట్టని ఒక కవి ఉండేవాడు. "ప్రభూ, తమరిది అమృతహస్తం! అది పడని పనీ ఒక పనేనా?" అని రోజుకో పద్యం చదివేవాడు, పూటకో శాలువా కప్పించుకునేవాడు.

ఇలా ఉండగా, ఎగువ దేశపు రాణిగారు పడవల్లో వస్తున్నారని కబురొచ్చింది. ఊరు నచ్చితే తమ దేశపు సరుకు పడవలన్నీ ఈ రేవులోనే ఆపిస్తారట. రాక రేపు పొద్దున్నే. చూస్తే రేవులో ఆవిడ దిగాల్సిన చెక్కవంతెన సగం కూడా కాలేదు. ప్రతి మేకు మీదా మొదటి దెబ్బ రాజుగారిదే మరి!

"ఏమోయ్ వీరోజూ, ఇన్నాళ్ళూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నావా?" అని వడ్రంగి మీద మండిపడ్డారు రాజుగారు. "రేపు రాణిగారు బురదలో కాలు పెట్టారో, నువ్వు పెళ్ళాం పిల్లల్తో పొలిమేర దాటిపోవాల్సిందే!"

అంటూ సుత్తి లాక్కుని తానే మొదలెట్టారు. ఒక మేకు దిగింది. రెండోదానికి చెయ్యి నొప్పెట్టి సుత్తి ఎడమచేతికి మార్చుకుంటే, అది వెళ్ళి కుడిచేతి వేళ్ళ మీద పడింది.

వైద్యుడు పసుపు పట్టించి, గుడ్డ మీద గుడ్డ చుట్టి, కదిలించొద్దని చెప్పి వెళ్ళాడు. చెయ్యి గుమ్మడికాయంత అయింది.

మొదటి చెయ్యి ఎడమది వేస్తే అచ్చిరాదాయె. అంతే, ఊరు ఊరంతా నిలిచిపోయింది. గరిటెతో వంటవాడు, అంకుశంతో మావటి, మూటతో చాకలి కొలువులో బారులు తీరారు. చివర వీరోజు సుత్తి పట్టుకుని కళ్ళనీళ్ళు కుక్కుకుంటున్నాడు.

భట్టు ముందుకొచ్చాడు. "ఉపాయం ప్రభూ! కొయ్యతో తమరి చెయ్యి ఒకటి చేయిద్దాం. పల్లకీలో ఊరంతా తిప్పుదాం. అది తగిలితే తమరు తగిలినట్టే!"

"భేష్! వీరోజూ, చెక్కుకురా."

"చిత్తం ప్రభూ," అన్నాడు వీరోజు. "మరి ఆ కొయ్య మీద మొదటి ఉలిదెబ్బ తమరే వెయ్యాలి కదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. భట్టు శాలువా సర్దుకున్నాడు.

రాజుగారికి తమలపాకు చిలకలు చుట్టి ఇచ్చే తిప్పన్న ఇదంతా చూస్తున్నాడు. బారులో ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి, "ఇక చెవులు రాజుగారి నోటి మీద పెట్టండర్రా" అని గొణిగాడు. చిలకల పళ్ళెంతో సింహాసనం దగ్గర నిలబడి, ఆ కట్టుకేసి కళ్ళు చికిలించాడు.

"ఇదేమిటి ప్రభూ, ఈ మూట? గుమ్మడికాయా?"

"చెయ్యిరా!"

"ఆఁ? పెద్దవాణ్ణి, సరిగ్గా వినబడదు."

"చెయ్యిరా, చెయ్యి!"

"వెనక వాళ్ళకీ అనుమానంగానే ఉంది ప్రభూ. కాస్త గట్టిగా..."

రాజుగారికి ఒళ్ళు మండింది. లేచి నిలబడి, కట్టు కట్టిన చేతిని ఆ బారు కేసి ఊపుతూ అరిచారు.

"చెయ్యి! చెయ్యి! చెయ్యి!"

తిప్పన్న గిర్రున తిరిగాడు. "విన్నారుగా! ఇంకా నిలబడతారేం?"

క్షణంలో కొలువు ఖాళీ. తన కోపానికి జడిసి పారిపోయారనుకున్నారు రాజుగారు. వైద్యుడిచ్చిన కషాయం తాగి పడుకుంటే, తెల్లారి రేవులో కొమ్ము ఊదేదాకా మెలకువే రాలేదు.

పరుగున వెళ్ళి చూస్తే ఏముంది! వంతెన పూర్తయింది. ఏనుగు కడుపునిండా తిని తొండమెత్తి నిలబడింది. వంటశాల నుంచి తిరగమోత ఘుమఘుమ. రాణిగారు కాలికి చెమ్మైనా తగలకుండా నడిచొచ్చారు.

"ఎంత చక్కటి రేవండీ! మా పడవలిక ఇక్కడే ఆగుతాయి."

రాజుగారికి సంతోషమూ ఉంది, ఉక్రోషమూ ఉంది. వంతెనంతా తొక్కి తొక్కి చూశారు. ఒక్క మేకు వంకరగా కనబడింది.

"ఇదుగో! నా చెయ్యి పడకపోతే ఇంతే!"

వీరోజు వంగి చూశాడు. "అదొక్కటే ప్రభూ, నిన్న తమరు కొట్టింది."

రాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆజ్ఞ లేకుండా చేశారు! ధిక్కారం!" అని ఎగిరాడు భట్టు.

"అవును, మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?" అని గద్దించారు రాజుగారు. తిప్పన్న ముందుకొచ్చాడు.

"తమరే ప్రభూ. నిండుకొలువులో, లేచి నిలబడి మరీ అన్నారు."

"నేనా? ఏమన్నాను?"

"చెయ్యి, అన్నారు."

రాజుగారు కట్టుకేసి చూశారు, తిప్పన్నకేసి చూశారు.

"ప్రభూ, చేత్తో వేసిన చెయ్యి ఒక్కచోటే పడుతుంది. నోటితో అన్న చెయ్యి ఊరంతా పడుతుంది!"

ముందు రాణిగారు నవ్వారు. తరవాత రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. వీరోజు భుజం తట్టి, ఇకమీద రేవు పనులన్నీ అతని ఇష్టానికే వదిలేశారు. ఎడమచేతి బంగారు కడియం తిప్పన్నకి ఇద్దామంటే, కట్టు చేత్తో అది ఊడి రాలేదు.

"భట్టుగారూ, పద్యం తరవాత. కాస్త ఈ కడియం లాగి తిప్పన్నకి తొడగండి."

భట్టు చెమటలు కక్కుతూ లాగుతుంటే, రేవు రేవంతా ఒకటే నవ్వు.