కాదనే పీఠం

ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అని ఒక రాజు ఉండేవాడు. రాజ్యం పేరుతో మనకేం పని, కొలువు సంగతి వినండి. రాజు సింహాసనం మీద కూర్చుని ఏమన్నా సరే, చాటింపువాడు మూడుసార్లు అడిగేవాడు, "కాదనేవారున్నారా?" అని. సభికుల్లో ఒక్కరూ కాదనకపోతే అదే శాసనం. అన్న మాట వెనక్కి తీసుకునే హక్కు రాజుకు కూడా లేదు.

లంకగ్రామాల తరఫున నలభై ఏళ్లుగా ఆ సభలో కూర్చుంటున్నవాడు పేర్రాజు. అందరూ "చిత్తం, చిత్తం" అంటుంటే ఈయనొక్కడే లేచి, "కాదు ప్రభూ, పాత పద్ధతే మేలు" అనేవాడు. రాజుకు ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు రాజు ఉరిమాడు.

"నలభై ఏళ్లుగా ఇదొక్క ముక్కేనా! ఇకమీదట నా అనుమతి లేకుండా కాదన్నావో, నీ పీఠం నా బావమరిదిది!"

చాటింపువాడు మూడుసార్లు అడిగాడు. పేర్రాజు నోరు మెదపలేదు. కాదంటే ఆ మాట చెల్లదు గానీ, రాజు కోపం లంకలవాళ్ల మీద పడుతుంది. కానీ ముసలాయన బుర్ర ఊరుకుంటుందా!

"ప్రభూ," అన్నాడు చేతులు కట్టుకుని, "ఈ ఎండల్లో ఆ కిరీటం బరువు మీకు తప్ప ఎవరికి తెలుస్తుంది!"

రాజు ఉబ్బిపోయాడు. "బాగా చెప్పావు! ఏమోయ్ బావమరిదీ, ఇకనుంచి ఇది నువ్వే మొయ్యి, తెలిసొస్తుంది!" అని పకపకా నవ్వాడు.

"కిరీటం బావమరిదిగారికి! కాదనేవారున్నారా?" అని చాటింపువాడు అరిచాడు.

రాజు నవ్వు ఆగిపోయింది. "చిత్తం, చిత్తం" అంది సభ, అలవాటుకొద్దీ. రెండోసారీ అడిగాడు, రెండోసారీ చిత్తమే! బావమరిది అప్పుడే తలపాగా విప్పేస్తున్నాడు.

"పేర్రాజూ! కూర్చున్నావేమయ్యా?" అన్నాడు రాజు, చెమటలు కక్కుతూ.

"నోరు తెరిస్తే నా పీఠం పోతుంది ప్రభూ, తెరవకపోతే మీ సింహాసనం పోతుంది. ఏం చెయ్యమంటారు?"

"అనుమతిచ్చాను! కాదనవయ్యా బాబూ, కాదను!"

"కాదు ప్రభూ, పాత రాజే మేలు!"

సభ గొల్లుమంది. రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇక నీ నోటికి నా అనుమతి అక్కర్లేదు. నీ పీఠానికి బంగారు రేకు తొడిగిస్తాను!"

"కాదనేవారున్నారా?" అన్నాడు చాటింపువాడు.

పేర్రాజు లేచాడు. "మొదటిదానికి చిత్తం ప్రభూ. రెండోదానికి మాత్రం కాదు. పాత చెక్కే మేలు!"