అరుగు దగ్గరి నల్లచారలు

నాగలింగాన్ని ఏడాదిగా పీడిస్తున్నవి కామక్రోధాలు కావు, రెండు నల్లచారలు.

ఆదోని అవతల ఒక చిన్న ఆశ్రమం. గురువు సోమప్ప ఒకప్పుడు తాపీ మేస్త్రీ. గేటు నుంచి తన అరుగు దాకా ఎత్తుగా ఎక్కే సిమెంటు బాట ఆయన చేత్తో పోసిందే. చెయ్యి పెడితే జారేంత నునుపు. నాగలింగం పత్తిమిల్లులో తూకం గుమాస్తా పని వదిలేసి ఉపదేశం కోసం వచ్చిన రోజున ఆయన ఆ బాటనే చూపించాడు.

"దీన్ని చూసుకో లింగా. శుభ్రమైందని నీకనిపించిన రోజు వచ్చి అడుగు. చెప్తాను."

ఇదెంత పని, వారంలో తేలిపోతుందనుకున్నాడు నాగలింగం. ఏడాదైంది. ఆకు రాలితే ఏరతాడు, పిట్ట రెట్ట వేస్తే గోటితో గీకుతాడు. అయినా ప్రతి ఆదివారం సాయంత్రానికి అరుగు దగ్గర రెండు నల్లచారలు పడేవి. సబ్బు పెట్టి రుద్దాడు. కిరసనాయిలు పోశాడు. చివరికి ఇత్తడి చెంబులు తోమే చింతపండు కూడా తెచ్చాడు. చారలు కాస్త పలచబడేలోగా మళ్ళీ ఆదివారం వచ్చేది.

అవి ఆటో చక్రాలవని తెలుసు. కాళ్ళు పడిపోయిన భక్తుడు ఈరన్నను అతని కొడుకు ఉరుకుందు వారానికోసారి ఆటోలో అరుగు దాకా తెచ్చేవాడు. నాగలింగానికి అంతుపట్టనిది వేరే. ఆటోకు మూడు చక్రాలు కదా, చారలు రెండేమిటి? అంత పొడుగు బాట వదిలేసి సరిగ్గా అక్కడే ఎందుకు పడతాయి?

ఒక ఆదివారం బాట పక్కనే కూర్చుని కాపు కాశాడు. ఆటో మూలుగుతూ ఎక్కింది. అరుగు దగ్గర వాలు ఎక్కువైన చోట ఆగింది. వెనక చక్రాలు రెండూ ఉన్నచోటే గిర్రున తిరిగాయి, రబ్బరు వాసన కొట్టింది, ఆ తర్వాత ఒక్క ఊపున పైకి వచ్చింది. గుట్టు తెలిసిందని సంబరపడి గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"బండిని తోసేవి వెనక చక్రాలయ్యా. అవే జారుతున్నాయి."

"అట్లనా? ఎందుకు జారుతున్నాయంటావు?" అన్నాడు సోమప్ప.

ఆ ప్రశ్న నాగలింగం చెవికెక్కలేదు. అతను అప్పటికే ఉరుకుందును వెతుక్కుంటూ వెళ్తున్నాడు.

"చెప్పులు గేటు బయటే విడవాలని ఇక్కడి నియమం. బండికి చక్రాలే కదా చెప్పులు?"

ఉరుకుందు తల గోక్కున్నాడు. "మరి మా నాయనను ఎట్ల తెచ్చేదన్నా?"

నాగలింగం వెళ్ళి గేటుకు గొలుసు వేశాడు.

మరుసటి ఆదివారం ఆటో గేటు దాకా వచ్చింది. కాసేపు ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా నాగలింగానికి ఏదోలా ఉంది. కానీ ఇక పాత చారలు కూడా పోతే ఉపదేశం దొరికినట్టే. సోమవారం పొద్దున్నే మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసా తెచ్చి చారల మీద వంపాడు. సిమెంటు బుసబుసా పొంగింది. నలుపంతా పోయి సున్నం కొట్టినట్టు తెల్లగా తేలింది. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"శుభ్రమైందయ్యా."

సోమప్ప వచ్చి వంగి చూశాడు. వేలితో తడిమాడు. లోపలికి వెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చి పైనుంచి పోశాడు. నీళ్ళు గేటు దాకా జారిపోయాయి. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఎండకు బాట ఆరుతూ వచ్చింది. యాసిడ్ తిన్నచోట మాత్రం సిమెంటు నీళ్ళు పీల్చుకుంది. బాటంతా ఆరిపోయాక రెండు తడిచారలు మిగిలాయి. అదే చోటు, అదే పొడుగు, ముందుకన్నా నలుపు.

"ఇవి ఏ బండివి లింగా?" అన్నాడు సోమప్ప.

నాగలింగానికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నిన్న ఈరన్న రాలేదేం?"

గొలుసు సంగతి చెప్పాడు. సోమప్ప లోపలికి వెళ్ళి పాత పనిసంచి తెచ్చాడు. వాలు దగ్గర చతికిలబడి, ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. నున్నటి బాటకు అడ్డంగా జానెడు గాటు పడింది. నాగలింగం ప్రాణం విలవిల్లాడింది.

"అయ్యా, బాట పాడవుతుంది."

"వాలుకు గాట్లు పెట్టాలప్పా, చక్రానికి పట్టు దొరకాల. నిన్నగాక మొన్న తాపీ పట్టినోడికైనా తెలుసు. నా నునుపు చూసి నేనే మురిసిపోయి పెట్టలేదు." ఉలి నాగలింగం చేతికిచ్చాడు.

గాట్లు పూర్తవడానికి అయిదు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. శనివారం నాగలింగం గొలుసు తీసేసి, ఈరన్న ఇంటికి నడిచి వెళ్ళి పిలిచి వచ్చాడు.

ఆదివారం ఆటో ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. గాట్లలో బురద, గడ్డిపరకలు, దారిలో అంటిన పేడ. నాగలింగం ఈరన్న చంకల కింద చేతులు వేసి దించుతున్నాడు.

"శుభ్రమైన రోజు అడగమన్నాను కదా," అన్నాడు సోమప్ప అరుగు మీద నుంచి. "అడుగుతావా?"

"ఉండండయ్యా," అన్నాడు నాగలింగం బాట వైపు చూడకుండానే. "ముందు ఈయన్ని కూర్చోబెట్టనీండి."

సోమప్ప కొంచెం జరిగి ఇద్దరికీ చోటిచ్చాడు.