కానుగలమ్మకు పొంగలి దక్కిన వైనం

కోనవలస కొండ కింద, కానుగ తోపు మధ్యలో శ్రీ కానుగలమ్మ తల్లి కొలువై ఉన్నది. బస్సు దిగిన భక్తులు దారి అడగనక్కరలేదు. అడగకపోయినా మా ఊరివాళ్ళు చెబుతారు, మీరు ఎవరి తాలూకో కూడా కనుక్కుంటారు. ఈ తోపులో ఏ చెట్టునూ మొదలంటా నరకరు. ఏటా కొమ్మలు మాత్రం కోసి, వంటచెరకుగా ఇంటింటికీ పంచుకుంటారు.

పూర్వం ఇక్కడ కానుగలు లేవు. కొండ నిండా అడవి ఉండేదట. ఒక్క కొమ్మేగా అని ప్రతివాడూ నరకగా, చివరికి కొండ ఒక్కటే మిగిలింది. పెద్దలు కూర్చుని విచారించి, ఇది పొరుగూరి వాళ్ళ పనేనని తేల్చారు. ఆడవాళ్ళు మాత్రం పుల్లల కోసం అవతలి కొండ దాటి పోయేవారు.

ఆ రోజుల్లో దాలమ్మ అనే ఇల్లాలు, కొడుకు జ్వరం తగ్గితే పొంగలి పెడతానని అమ్మవారికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. ఇంట్లో బియ్యం, బెల్లం ఉన్నాయి గాని కట్టెలు లేవు. ఆలస్యమైతే జ్వరం తిరగబెడుతుందని భయపడి, ఆమె గుడి తలుపు ఊడదీసి పొయ్యిలో పెట్టింది. పొంగలి చక్కగా ఉడికిందని అంటారు. టేకు తలుపు మరి.

ఆ మధ్యాహ్నం కునుకులో అమ్మవారు కనిపించింది.

"ఏటే దాలమ్మా, నా తలుపు కాల్చి నాకే వండీసినావేటే?"

"మరేటి సెయ్యను తల్లీ, కొండ మీద పుల్ల నేదు."

"ఈ పొంగలి నానొల్లను. నువ్వు నాటిన సెట్టు కట్టెతో వండి తే. అందాకా నీ కొడుకుని నాను కాస్తాను. మాట తప్పినావో, మరి నన్ననకు."

దాలమ్మ ఆ సాయంత్రమే మొక్కలు నాటడం మొదలుపెట్టింది. వేప నాటితే అసిరయ్య మేకలు తిన్నాయి. నేరేడు నాటితే అదీ తిన్నాయి.

"బావా, నా మొక్కు నీ మేకలు మేసేత్తన్నాయి! నా కొడుక్కేదైనా అయితే నీదే పాపం!"

"అమ్మోరి తలుపు కాల్చినదానివి, రెండాకులకి ఏడుస్తావేటే మరదలా?"

అలా నవ్విన అసిరయ్యే ఒకనాడు పరుగున వచ్చాడు. ఒక మొక్కను మేకలు వాసన చూసి వదిలేస్తున్నాయట. అది కానుగ, ఆకు చేదు. ఇక దాలమ్మ కానుగలే నాటింది. కొండ దాటి దాటి విసిగిన ఆడవాళ్ళు తలో బిందె నీళ్ళూ తెచ్చారు. చెట్లకు నీడ వచ్చాక మగవాళ్ళు కూడా వచ్చి, ఎలా నాటాలో చెప్పారు.

కొమ్మ కోతకు వచ్చేసరికి, జ్వరం తగ్గిన ఆ పిల్లవాడికి మీసాలు వచ్చాయి. అతడే చెట్టెక్కి కొమ్మలు కోశాడు. అవి ఎండిన తరువాత దాలమ్మ పొంగలి వండి పెట్టింది. పొంగలి అందుకున్నానన్నట్టు అమ్మవారి కుడి భుజం మీది పువ్వు రాలింది. గాలికి రాలిందన్నవాడు ఒకడున్నాడు. అతని మనవలు ఊళ్ళోనే ఉన్నారు కనుక పేరు రాయడం బాగుండదు. ఆనాటి నుండి తల్లికి కానుగలమ్మ అని పేరు.

నేటికీ మొక్కుకున్నవారు ముందుగా ఇక్కడ ఒక కానుగ నాటుతారు. దాని కొమ్మ పొయ్యికి అందిన ఏడాది పొంగలి పెడతారు. తొలి తాంబూలం అసిరయ్య వంశానిది. కనిపెట్టింది మేకలే అయినా, వాటికి తాంబూలమిచ్చే ఆచారం లేదు. మొక్క నాటి, నీళ్ళు పోసి పెంచిన వారి పిల్లలు చల్లగా ఉంటారని, వారి ఇంట పొయ్యి ఆరదని భక్తుల నమ్మకం. నాటి మళ్ళీ ఇటు చూడని వారినీ అమ్మవారు క్షమిస్తుంది. ఆ మొక్కకు నీళ్ళు మోసే మా ఊరి ఆడవాళ్ళ తరఫున మాత్రం మేము మాట ఇవ్వలేము.