ఉయ్యాల స్టాండు

చెన్నైలో పేటెంట్ల అధికారిగా పనిచేసే భైరవమూర్తికి, జవాబు చూశాక ప్రశ్నను చులకన చేసే గుణం ఉండేది. పత్రికలో గళ్ళ నుడికట్టు వస్తే ముందు అడుగున తలకిందులుగా అచ్చువేసిన జవాబులు చదివేవాడు. తర్వాత ఆధారాలు చూసి, ఇదీ ఒక ప్రశ్నేనా అని పెదవి విరిచేవాడు. జవాబులు మరునాడు వేసే పత్రికలు కూడా ఉండేవి. వాటిని ఆయన కొనేవాడు కాదు. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం.

ఒకరోజు ఆయన ముందుకు ఒక తగాదా వచ్చింది. పాడేరు కొండల్లో తిరిగే వైద్యశాల వ్యానులో సలోమి అనే ఆమె రక్తపరీక్షలు చేసేది. ఒక పరీక్షకు రక్తం పోసిన సన్నని గాజు గొట్టాన్ని గంటసేపు నిటారుగా నిలబెట్టాలి. కాస్త వాలినా ఫలితం తప్పుతుంది. కొండదారిలో వ్యాను ఎక్కడ ఆపినా ఏదో ఒక పక్కకు వాలే ఉంటుంది. అందుకని సలోమి గొట్టాల స్టాండుకు అడుగున బరువు కట్టి, ఉయ్యాలలా వేలాడదీసింది. దానికి పేటెంటు తీసుకుని, నలుగురు ఆడవాళ్ళతో ఒక షెడ్డులో స్టాండ్లు తయారు చేయించసాగింది. ఇది ఎవరికైనా తట్టేదే కాబట్టి పేటెంటు రద్దు చేయాలని ఒక పెద్ద కంపెనీ అడిగింది. రద్దయితే ఆ స్టాండ్లు కంపెనీయే చేస్తుంది, షెడ్డు మూతపడుతుంది.

కంపెనీ లాయరు ఉయ్యాల గురించి అరగంట మాట్లాడాడు. ఫైలులో మొదటి బొమ్మ చూడగానే భైరవమూర్తి మనసులో తీర్పు అయిపోయింది. మిగతా పేజీలు తిప్పలేదు.

"ఉయ్యాల తెలియనివాళ్ళు ఎవరుంటారమ్మా?" అన్నాడు.

"ఎవరూ ఉండరండి. ఈ లాయరుగారిని కూడా వాళ్ళమ్మ అందులోనే పడుకోబెట్టి ఉంటుంది" అంది సలోమి. "కానీ ఉయ్యాల అన్నాక ఊగుతుంది కదండీ. వ్యానులో మనిషి అడుగు వేస్తే చాలు, గొట్టాలు ఊగేవి. ఆ ఊపు ఎలా ఆపానో నాలుగో పేజీలో ఉంది. ఆ పేజీ తిప్పకుండా మీరే చెప్పండి."

 లాయరు ఆ పేజీ ముందే చదివాడు, కానీ వాదనలో ఆ మాట ఎత్తలేదు.

భైరవమూర్తి భోజనానికి లేవలేదు. తెల్లకాగితం మీద స్టాండు బొమ్మ గీసి, దాన్ని తాడుతో వ్యాను గోడకు కట్టాడు. అలా కడితే వ్యానుతోపాటు స్టాండూ వాలుతుంది. కొట్టేశాడు. స్ప్రింగు పెట్టాడు. అది ఇంకా ఊగుతుంది. అదీ కొట్టేశాడు. కాగితం నిండిపోయింది.

చివరికి నాలుగో పేజీ తిప్పాడు. బరువు కింద ఒక రేకు, ఆ రేకు మునిగేలా ఒక గిన్నెలో ఆముదం. చిక్కటి ఆముదం ఊపును పట్టేస్తుంది, స్టాండు మెల్లగా నిటారుగా వచ్చి నిలబడుతుంది.

"ఓస్, ఆముదమేనా" అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుట తన కొట్టివేతల కాగితం కనిపించింది. మాట మింగేసి, పేటెంటు నిలుస్తుందని రాశాడు.

మరునాటినుంచి జవాబులు కనబడకుండా పత్రికను మడిచి నుడికట్టు పూరించేవాడు. చాలా గళ్ళు ఖాళీగానే ఉండేవి.

నీతి: జవాబు చూశాక ఏ ప్రశ్నయినా సులువుగానే కనిపిస్తుంది, ఇంకొకరి తెలివిని తూచేవాడు ఆ జవాబు పుట్టకముందు తానేం చేయగలిగేవాడో చూసుకోవాలి.