గాజుబిళ్లలో దొంగ

వెనకటికి ఓ రాణిగారి ముక్కెర పోయింది. ఆస్థాన జ్యోతిష్కుడు భైరవశాస్త్రి ఉబ్బెత్తు గాజుబిళ్ల ఒకటి తెచ్చి, "ఇందులో దొంగ తలకిందులుగా కనిపిస్తాడు ప్రభూ," అన్నాడు. దాన్ని రాజు చేతికిచ్చి, చెయ్యి బారచాచి పట్టుకోమన్నాడు. అంతఃపురానికి పూలు తెచ్చే కొండమ్మను దూరంగా ఎదురుగా నిలబెట్టాడు. నిజంగానే ఆమె తలకిందులుగా కనిపించింది.

"చేతులు నరికించండి!" అన్నాడు శాస్త్రి.

కొండమ్మ బెదరలేదు. రోజూ తెల్లారి మల్లెమొగ్గల మీది మంచుబొట్లలో ఊరంతా తలకిందులుగా చూసే మనిషి ఆమె.

"మారాజా, శాస్త్రిగారిని నా పక్కన నిలబెట్టి, అట్టాగే చెయ్యి చాచి చూడండి," అంది.

రాజు చూశాడు. శాస్త్రి కాళ్లు పైకి, పిలక కిందికి! వెనకున్న కోటబురుజు కూడా తలకిందులే.

"నా కోట కూడా దొంగేనా శాస్త్రీ?"



"దూరాన్నుంచి చూస్తే అందరం దొంగలమే మారాజా. దగ్గరికొచ్చి చూడండి," అంది కొండమ్మ.

రాజు సింహాసనం దిగి వచ్చి, గాజును ఆమె ముఖానికి దగ్గరగా పెట్టి చూశాడు. కొండమ్మ నిటారుగా ఉంది. ఉన్నదానికన్నా పెద్దగా కూడా ఉంది.